జీతం ఆగిన సైన్యం, బస ఇచ్చిన గృహస్థు: ఇంగ్లండ్ అంతర్యుద్ధం ఖాతాలపై ఒక కేస్ స్టడీ

యుద్ధకాలంలో సైనికుల జీతాన్ని ఎలా క్రమబద్ధం చేయాలి, వారిని పౌరుల ఇళ్లలో దించవలసి వస్తే ఆ భారాన్ని ఎవరి ఖాతాలో రాయాలి అనే రెండు ప్రశ్నలను సాధారణంగా విడివిడిగా చర్చిస్తారు. మొదటిది ఆర్థిక శాఖ వ్యవహారమనీ, రెండవది క్రమశిక్షణకూ పౌరహక్కులకూ సంబంధించిన విషయమనీ అనుకోవడం పరిపాటి. సైనిక జీతాల బట్వాడా, సరఫరా బిల్లుల ఆడిట్ వృత్తిగా పనిచేసినవాడిగా నేను ఈ విభజనను అంగీకరించను. జీతం రాని రోజున కూడా సైనికుడు ఎక్కడో ఒకచోట తినాలి, పడుకోవాలి, గుర్రానికి మేత వెయ్యాలి. ఆ రోజు ఖర్చును ఏ ఇంటివారు భరించారో వారు ప్రభుత్వానికి అప్పిచ్చినవారవుతారు. ఆ అప్పుకు వారి సమ్మతి ఉండదు, వడ్డీ ఉండదు, తీరే గడువు ఉండదు. అందుచేత బసను నిషేధించే చట్టం ఎంత గట్టిదైనా, జీతానికి నిధి చూపించకపోతే అది అమలు కాదని, నిధి చూపించిన రోజున ఆ నిషేధం చాలావరకు దానంతటదే అమలవుతుందని ఈ అధ్యయనంలో చూపించదలిచాను.

ఇందుకు నేను ఎంచుకున్నది 1642లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య మొదలైన ఇంగ్లండ్ అంతర్యుద్ధం, దాని తరువాత 1660 వరకు నిలిచిన పార్లమెంటు సైన్యం. ఉత్త నిషేధం, చీటీ మీద బస, నెలవారీ పన్ను, బకాయి బాండ్లు, జప్తు చేసిన భూములు, చివరికి నగదు అనే పద్ధతులన్నీ ఒకే దేశంలో, ఒకే తరం కళ్లముందు, దాదాపు ఒకే సైన్యం మీద వరుసగా ప్రయోగించిన సందర్భం మరొకటి నాకు తెలియదు. ఆ కాలపు ఖాతాలు కూడా విస్తారంగా మిగిలి ఉన్నాయి. లెక్కలు చదివేవారి సౌకర్యం కోసం ఒక్క మాట: అప్పటి పౌండులో 20 షిల్లింగులు, షిల్లింగులో 12 పెన్నీలు.

నిధి లేని నిషేధం

ఇంటివాళ్ల ఇష్టానికి వ్యతిరేకంగా సైనికులను దించడం తప్పన్న సూత్రం యుద్ధానికి ముందే ఇంగ్లండులో చట్టరూపం దాల్చింది. 1625లో కాడిజ్ మీదకు, 1627లో ఫ్రెంచి తీరంలోని రే ద్వీపం మీదకు వెళ్లి ఓడి వచ్చిన దండును మొదటి చార్లెస్ రాజు విడుదల చేయలేదు, పోషించనూ లేదు. దక్షిణ కౌంటీల్లోని ఊళ్ల మీద వారిని పంచాడు. వారి తిండికి, పడకకు ఇస్తామన్న సొమ్ము గృహస్థులకు సకాలంలో అందలేదు. ఈ కోపం 1628 నాటి హక్కుల విజ్ఞప్తిలో నాలుగు ప్రధాన ఫిర్యాదుల్లో ఒకటిగా చేరింది. పార్లమెంటు సమ్మతి లేని పన్ను, కారణం చూపని నిర్బంధం, శాంతికాలంలో సైనిక న్యాయం, వీటితో సమానంగా బలవంతపు బసను కూడా ఆ పత్రం ఖండించింది. రాజు అయిష్టంగానే అయినా అదే సంవత్సరం జూన్‌లో ఆమోదించాడు.

పరిపాలన దృష్టితో చూస్తే ఆ పత్రంలో ఒక లోటు ఉంది. సైనికుణ్ణి ఎక్కడ దించకూడదో అది చెప్పింది కాని, దించని సైనికుడికి ఎవరు అన్నం పెట్టాలో, ఏ పద్దు నుంచి పెట్టాలో చెప్పలేదు. రాజు చేతిని కట్టివేయడమే అప్పటి ఉద్దేశం కనుక ఆ లోటు ఎవరికీ పట్టలేదు. పద్నాలుగు సంవత్సరాల తరువాత అదే పార్లమెంటు తన సైన్యాన్ని తాను నడపవలసి వచ్చినప్పుడు ఈ లోటు బయటపడింది.

చీటీ మీద బస

1642 ఆగస్టు 22న నాటింగ్‌హామ్‌లో రాజు తన ధ్వజం ఎత్తే నాటికి రెండు పక్షాల్లో దేనికీ దీర్ఘకాల యుద్ధానికి తగిన రాబడి లేదు. మొదట విరాళాలు, వెండి పాత్రలు, అప్పులు వచ్చాయి. 1643 ఫిబ్రవరిలో పార్లమెంటు కౌంటీల వారీగా వాటాలు కట్టి వారపు పన్ను వేసింది. ఒక్క లండన్ వంతే వారానికి 10,000 పౌండ్లు. అదే సంవత్సరం రాజపక్షీయుల ఆస్తుల జప్తు, జులైలో సరుకుల మీద ఎక్సైజు వచ్చాయి. రాజు పక్షం కూడా తన అధీనంలోని కౌంటీల మీద ‘కాంట్రిబ్యూషన్’ పేరుతో నెలవారీ వసూళ్లు మొదలుపెట్టింది. వూస్టర్‌షైర్ ఒక్కటే నెలకు 3,000 పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. కాగితం మీద ఇవి పెద్ద మొత్తాలే. కాని పన్ను రాబడి పంటల వెంట, దారుల భద్రత వెంట నడుస్తుంది. సైనికుడి ఆకలి రోజువారీగా నడుస్తుంది. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చడానికి రెండు పక్షాలూ ఆశ్రయించిన మార్గం ఫ్రీ క్వార్టర్, అంటే డబ్బివ్వకుండా చీటీ మీద బస.

దీని నడక స్థూలంగా ఇలా ఉండేది. దండు కంటే ముందు క్వార్టర్‌మాస్టర్ ఊళ్లోకి వచ్చి, ఆ ఊరి కానిస్టేబుల్‌ను పిలిచి, ఏ ఇంట్లో ఎందరు మనుషులు, ఎన్ని గుర్రాలు దిగాలో పంచేవాడు. దండు వెళ్లిపోయేటప్పుడు ఇంటివారికి ఇంతమంది ఇన్ని రాత్రులు ఉన్నారని ఒక చీటీ రాసి ఇవ్వాలి. ప్రభుత్వ విశ్వాసం మీద, అప్పటి మాటలో ‘పబ్లిక్ ఫెయిత్’ మీద, ఆ చీటీకి తరువాత సొమ్ము వస్తుందని హామీ. చీటీ ఇవ్వని అధికారులు చాలామంది. ఇచ్చినా ఆ చీటీలో మూడు లోపాలు ఉన్నాయి, ఆడిటరు చదివితే మొదటి చూపులోనే తగిలేవి. సంతకం పెట్టినవాడికి చెల్లించే అధికారం లేదు. అతని దళం రేపు ఇంకో కౌంటీకి వెళ్లవచ్చు, ఇంకో దళంలో కలిసిపోవచ్చు. రెండవది, ఆ చీటీని గృహస్థు తాను కట్టవలసిన పన్నులో చెల్లుబడి చేసుకోవచ్చా లేదా అన్నది స్థిరంగా లేదు, కొన్నిచోట్ల ఒప్పుకున్నారు, కొన్నిచోట్ల నిరాకరించారు. మూడవది అన్నిటికంటే ముఖ్యమైనది. గృహస్థు దగ్గర తిన్న తిండి విలువ ఆ సైనికుడి జీతంలోంచి తగ్గినట్టు అతని దళం ఖాతాలో రాసే కట్టుదిట్టమైన ఏర్పాటు లేదు. అంటే ఒకే అప్పు రెండుసార్లు పుట్టే అవకాశం ఉంది: సైనికుడు పూర్తి జీతం బాకీ అంటాడు, గృహస్థు బస బాకీ అంటాడు, ఖజానా ఇద్దరికీ ఇవ్వదు.

ఖాతాకెక్కని ఖర్చులు కూడా ఉన్నాయి. 1643 వసంతంలో రెడింగ్ ముట్టడి తరువాత పార్లమెంటు సేనాని ఎసెక్స్ ప్రభువు సైన్యంలో టైఫస్ జ్వరం వ్యాపించి, సైనికులతో పాటు వారు దిగిన ఊళ్లకూ పాకింది. పరాయి మగవాళ్లు పదిమంది ఇంట్లో వారాల తరబడి ఉన్నప్పుడు ఆ ఇంటి స్త్రీలు, పిల్లలు పడిన భయాన్ని ఏ రేటు పట్టికా పట్టుకోదు. ఈ మాటను ఇక్కడ చెప్పకుండా లెక్కలు మాత్రమే చెప్పడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ఊళ్ల ఓర్పు 1645 నాటికి తెగిపోయింది. ష్రాప్‌షైర్, వూస్టర్‌షైర్, హియర్‌ఫర్డ్‌షైర్‌లలో మొదలై విల్ట్‌షైర్, డార్సెట్, సోమర్‌సెట్‌లకు వ్యాపించిన క్లబ్‌మెన్ ఉద్యమంలో రైతులు, చిన్న భూస్వాములు దుడ్డుకర్రలు పట్టుకుని రెండు సైన్యాలనూ అడ్డుకున్నారు. పశువులను దోచుకోవడానికి వస్తే యుద్ధమే అని తమ జెండా మీద రాసుకున్నారు. అయితే వారు సైన్యాన్నే వద్దనలేదు, ఇది గమనించవలసిన విషయం. క్రమంగా బస చేసి చెల్లించే సైనికుణ్ణి ఆదరిస్తామని, దోచుకునేవాణ్ణి పట్టి అతని సైన్యానికి అప్పగిస్తామని డార్సెట్, విల్ట్‌షైర్ వాసులు నిబంధనలు రాసుకున్నారు. ఆగస్టు 4న హాంబుల్డన్ కొండ మీద పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ గుర్రపు దళం వారిని చెదరగొట్టి, దాదాపు మూడు వందల మందిని పట్టుకుని ఒక రాత్రి చర్చిలో ఉంచి మరునాడు వదిలిపెట్టింది. ఆ నిబంధనలను చదివితే తిరుగుబాటుదారుల కంటే చక్కని నియంత్రణాధికారులు కనిపిస్తారు.

1645: జీతానికి ఒక పద్దు

పార్లమెంటు 1645 ఫిబ్రవరిలో న్యూ మోడల్ సైన్యాన్ని ఏర్పాటు చేసిన ఆర్డినెన్సును చాలామంది సైనిక సంస్కరణగా చదువుతారు. నేను దాన్ని ముందు ఒక బడ్జెట్ పత్రంగా చదువుతాను. సైన్యం బలం 22,000. అందులో కాల్బలం 14,400, గుర్రపు దళం 6,600, గుర్రాల మీద వెళ్లి నేల మీద దిగి పోరాడే డ్రగూన్లు 1,000. ఈ బలాన్ని పోషించడానికి తూర్పు, ఆగ్నేయ ప్రాంతాల్లోని 17 కౌంటీల మీద నెలకు 53,436 పౌండ్ల పన్ను అదే పత్రంలో వేశారు. సేనాధిపతి సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్. సొమ్ము సేనాధిపతి చేతికి వెళ్లదు. లండన్ నగర వర్తకుల నుంచి ఎంచిన యుద్ధ కోశాధికారుల చేతికి వెళ్లి అక్కడినుంచి దళాలకు బట్వాడా అవుతుంది. సైనిక బలం, ఖర్చు, రాబడి, బట్వాడాదారు అనే నాలుగు విషయాలూ ఒకేచోట చేరడం ఆ దేశంలో అదివరకు చూడనిది.

ఆ మొత్తం సరిపోతుందా అని లెక్క వేసి చూద్దాం. కాల్బలం సైనికుడి జీతం రోజుకు 8 పెన్నీలు, అంటే అప్పటి వ్యవసాయ కూలికి దాదాపు సమానం. గుర్రపు దళం వాడికి 2 షిల్లింగులు, కాని గుర్రం మేత అందులోంచే పెట్టుకోవాలి. డ్రగూనుకు 1 షిల్లింగు 6 పెన్నీలు. ఈ రేట్లతో మామూలు సైనికుల జీతం రోజుకు కాల్బలానికి 480, గుర్రపు దళానికి 660, డ్రగూన్లకు 75, మొత్తం 1,215 పౌండ్లు అవుతుంది. ముప్పై రోజులకు 36,450. మిగిలిన దాదాపు 17,000 పౌండ్లలో అధికారులు, ఫిరంగులు, బండ్లు, వైద్యులు, మందుగుండు అన్నీ సర్దుకోవాలి. అధికారుల జీతాల్లో కొంత భాగాన్ని యుద్ధం ముగిసేదాకా పబ్లిక్ ఫెయిత్ మీద ఆపి ఉంచడానికి కారణం ఇదే. పన్ను పూర్తిగా, వేళకు వస్తే ఈ అంచనా నిలుస్తుంది. ఒక్క నెల వసూలు సగం అయితే నిలవదు, ఎందుకంటే ఇందులో ఆపత్కాలపు నిల్వ అన్నది లేనే లేదు.

ఈ ఏర్పాటు ఫలితాలు మొదటి సంవత్సరంలో స్పష్టంగా కనిపించాయి. జూన్ 14న నేజ్‌బీలో గెలిచి పశ్చిమానికి సాగిన ఫెయిర్‌ఫాక్స్ సైన్యం కొన్న సరుకుకు చాలాచోట్ల డబ్బిచ్చింది. అదే ప్రాంతంలో రాజు పక్షాన ఉన్న గోరింగ్ దళాలు జీతం లేక దోపిడీకి పేరుపడ్డాయి. సోమర్‌సెట్ క్లబ్‌మెన్‌లో కొందరు చివరికి ఫెయిర్‌ఫాక్స్‌తో కలవడానికి ఇది ముఖ్య కారణం. సైనికుల నీతి ఒక పక్షంలో గొప్పదనీ, ఇంకో పక్షంలో హీనమనీ నేను అనుకోను. ఒక పక్షానికి కోశాధికారి ఉన్నాడు, ఇంకో పక్షానికి లేడు.

కాని ఆ 17 కౌంటీల పద్దు న్యూ మోడల్‌కు మాత్రమే. ఉత్తరాది సైన్యం, కోటల్లోని దండ్లు, 1644 జనవరిలో సాయానికి వచ్చిన స్కాట్ల సైన్యం దాని బయట ఉన్నాయి. స్కాట్లకు నెలకు ఇస్తామన్న సొమ్ము వేళకు ఇవ్వకపోవడంతో ఉత్తర కౌంటీలే వారిని మోశాయి. చివరకు 4 లక్షల పౌండ్లకు ఒప్పందం కుదిరి, అందులో సగం చేతికి వచ్చాక, 1647 ఫిబ్రవరిలో వారు సరిహద్దు దాటారు. ఇంగ్లండులో బస భారం ఎక్కడ ఎక్కువ పడిందో చూపే పటం గీస్తే, అది యుద్ధాలు జరిగిన చోట్ల కంటే జీతం పద్దు లేని దళాలు నిలిచిన చోట్లనే చూపిస్తుందని నా నమ్మకం.

ఊరి ఖాతాలు

1644 ఫిబ్రవరిలో పార్లమెంటు రాజ్యమంతటి లెక్కలు తీసుకునే కమిటీ ఒకటి నియమించింది. విలియం ప్రిన్ అనే న్యాయవాది దాని పెద్ద దిక్కు. నాటకాలను, బిషప్పులను ఖండిస్తూ రాసినందుకు రెండుసార్లు చెవులు కోయించుకున్న మనిషి ఆయన. లెక్క చెప్పని అధికారం ఎవరి చేతిలో ఉన్నా సహించని స్వభావం. ఆ కమిటీ కింద కౌంటీల్లో ఏర్పడిన ఉపసంఘాలు ఊరూరా ప్రకటించి, మీ ఇంట్లో ఎవరు దిగారు, ఎన్ని రోజులు, ఏ కెప్టెన్ దళం, ఏ గుర్రం పట్టుకుపోయారు, ఏ చీటీ ఇచ్చారు అని గృహస్థుల చేత రాయించాయి. వార్విక్‌షైర్ ఊళ్ల నుంచి వచ్చిన పత్రాలు ముఖ్యంగా సమృద్ధమైనవి, ఇప్పటికీ లండన్ క్యూలోని జాతీయ పత్రాగారంలో ఉన్నాయి. పెద్ద రైతు పక్కనే భర్త పోయిన స్త్రీ, చిన్న కౌలుదారు తమ తమ వరుసలు రాయించుకున్నారు. గుర్రం, దుప్పట్లు, జున్ను, కొట్టంలోని ఎండుగడ్డి, అన్నిటికీ వెల కట్టారు.

నా వృత్తిలోని వారికి ఈ పత్రాల విలువ ఎంత చెప్పినా తక్కువే. సైనికుడి హాజరు పట్టీని పై నుంచి తనిఖీ చేస్తే కెప్టెన్ చెప్పిన సంఖ్యే దొరుకుతుంది. చచ్చినవారి, పారిపోయినవారి పేర్ల మీద జీతం తీసే అలవాటు ఆ కాలపు సైన్యాలన్నిటిలో ఉంది. ఊరి ఖాతా కింది నుంచి వస్తుంది. ఒక దళంలో వందమంది ఉన్నారని హాజరు పట్టీ చెబుతూ, అదే వారంలో అది దిగిన ఊరి వారు అరవైమందికే అన్నం పెట్టామని రాస్తే, ఆడిటరుకు వేరే సాక్ష్యం అక్కరలేదు. ప్రిన్ కమిటీ ఈ పోలికను సైనిక అధికారులు సహించనంత పట్టుదలతో చేసింది. కాని రెండవ సగం పని, అంటే లెక్క తేలిన గృహస్థుకు సొమ్ము తిరిగి ఇవ్వడం, దాని చేతిలో లేదు. ఖాతాలు రాయించుకున్న ఇళ్లలో అత్యధికులకు ఏమీ రాలేదు.

1647: ఆగిన పన్ను

1646 జూన్‌లో రాజు పక్షానికి కేంద్రమైన ఆక్స్‌ఫర్డ్ లొంగిపోయింది, మొదటి యుద్ధం ముగిసింది. అప్పుడు పార్లమెంటు చేసిన పని ఈ కేసులో అన్నిటికంటే ఖరీదైనది. న్యూ మోడల్‌ను పోషించే నెలవారీ పన్ను గడువు ఆ శరదృతువులో తీరిపోతే, దాన్ని కొత్త ఏడాది జూన్ వరకు పునరుద్ధరించలేదు. సైన్యాన్ని రద్దు చేయనూ లేదు. ఖర్చు నిలిచే ఉంది, రాబడి మాత్రం ఆగింది. ఆ చలికాలం సైన్యం ఊళ్ల మీద బతికింది. శాంతి వచ్చిందనుకున్న గృహస్థు కళ్లముందు సైనికుడు అలాగే కూర్చున్నాడు.

1647 వసంతానికి జీతం బాకీ కాల్బలానికి 18 వారాలు, గుర్రపు దళానికి 43 వారాలు. పై రేట్లతో లెక్కిస్తే కాల్బలం సైనికుడికి 4 పౌండ్ల 4 షిల్లింగులు, గుర్రపు దళం వాడికి 30 పౌండ్ల 2 షిల్లింగులు రావాలి. న్యూ మోడల్ ఒక్కదానికే బాకీ సుమారు 3,31,000 పౌండ్లని, దేశంలోని దళాలన్నిటికీ కలిపి దాదాపు 28 లక్షల పౌండ్లని చరిత్రకారుల అంచనా. పార్లమెంటు నాయకులు లండన్ నగరం నుంచి 2 లక్షల పౌండ్లు అప్పు తెచ్చి, కొందరిని ఐర్లండుకు పంపి మిగిలినవారిని ఆరు వారాల జీతం చేతిలో పెట్టి ఇళ్లకు పంపాలని నిర్ణయించారు. గుర్రపు దళం వాడికి అది 4 పౌండ్ల 4 షిల్లింగులు, అంటే రావలసిన దానిలో ఏడో వంతు. తరువాత ఎనిమిది వారాలకు పెంచినా అప్పటికి ఆలస్యమైంది.

ఆ మార్చిలో సైనికులు తయారుచేసిన అర్జీ ఐదు అంశాలది. యుద్ధంలో ఆజ్ఞ మీద చేసిన పనులకు కోర్టుల్లో శిక్ష పడకుండా రక్షణ, జీతం బాకీల ఆడిట్, స్వచ్ఛందంగా చేరినవారిని బలవంతంగా బయటిదేశానికి పంపకపోవడం, వికలాంగులకు, వితంతువులకు, అనాథలకు సాయం అన్నవి నాలుగు. ఐదవదాన్ని చరిత్ర పుస్తకాలు తొందరగా దాటిపోతాయి. సైన్యం రద్దయ్యే వరకు బసకు చెల్లించడానికి సొమ్ము ఇమ్మని, తాము ప్రజలకు భారం కాకుండా చూడమని వారు అడిగారు. గృహస్థూ సైనికుడూ ఒకే పద్దు కోసం అడుగుతున్నారన్నదానికి ఇంతకంటే గట్టి రుజువు అక్కరలేదు. పార్లమెంటు మార్చి చివర్లో ఈ అర్జీ కదిలించినవారిని రాజ్యశత్రువులుగా పరిగణిస్తామని ప్రకటించింది.

తరువాతి కథ తెలిసినదే కనుక త్వరగా చెబుతాను. ఏప్రిల్‌లో దళాలు తమ ప్రతినిధులను ఎన్నుకున్నాయి. జూన్ మొదటి వారంలో రాజును సైన్యం తన అధీనంలోకి తీసుకుంది, న్యూమార్కెట్ దగ్గర సమావేశమై న్యాయం జరగందే విడిపోమని ప్రతిజ్ఞ చేసింది. జూన్ 14 ప్రకటనలో తాము ఎవరి నిరంకుశాధికారానికో కూలికి దొరికిన సైన్యం కాదని రాసుకుంది. జులైలో ఉత్తరాది సేనాని పాయింట్జ్‌ను సైనిక ప్రతినిధులే పట్టుకుపోయారు. ఆగస్టు 6న సైన్యం లండన్‌లోకి వచ్చింది. నెలకు 60,000 పౌండ్ల కొత్త పన్నును పార్లమెంటు ఆమోదించినది జూన్ 23న, అంటే సైన్యం కదిలిన తరువాత. అది ఆరు నెలల ముందే ఆమోదం పొంది ఉంటే రాజ్యచరిత్ర ఎలా ఉండేదో ఊహించడం నా పని కాదు. సిద్ధాంతాలు, మతవిశ్వాసాలు కూడా ఆ సైన్యాన్ని కదిపాయని నాకు తెలుసు. కాని ఆ సిద్ధాంతాలకు 22,000 మంది శ్రోతలను ఒకచోట కూర్చోబెట్టినది జీతం బాకీయే.

1647 డిసెంబరు నుంచి 1649 మే వరకు

1647 డిసెంబరు 24 నాటి ఆర్డినెన్సు ఉచిత బస రద్దును పన్ను వసూలుతో నేరుగా ముడిపెట్టింది. తన వంతు బకాయిని గడువులోగా చెల్లించిన కౌంటీకి బస భారం నుంచి విముక్తి దొరుకుతుంది. సైనికుల బాకీలను ఆడిట్ చేసి, ఊళ్లలో తిన్నదానికి మినహాయింపు చేసి, మిగిలినదానికి డిబెంచర్, అంటే ప్రభుత్వ బాకీ పత్రం, ఇస్తారు. నేను పైన చెప్పిన మూడవ లోపం, అంటే ఒకే అప్పు రెండుసార్లు పుట్టడం, ఇక్కడ మొదటిసారి సరిదిద్దే ప్రయత్నం జరిగింది. అయితే ఆ మినహాయించిన సొమ్ము గృహస్థుకు చేరాలన్న రెండవ అడుగు పడలేదు. సైనికుడి జీతంలోంచి తిండి కోసం కోసిన మొత్తం ఖజానాలోనే ఉండిపోయింది, తిండి పెట్టినవాడికి రాలేదు. ఈ అన్యాయాన్ని నేను చిన్నదిగా చూడలేను. కాగితం మీద ఖాతా సరిపోయింది, ఇంటివాడు మాత్రం నష్టపోయాడు.

1648లో యుద్ధం మళ్లీ రాజుకోవడంతో ఈ ఏర్పాటు కూడా చెదిరింది. ఆ డిసెంబరులో లండన్‌లోకి తిరిగి వచ్చిన సైన్యం నగరాన్ని 40,000 పౌండ్ల పన్ను బకాయి అడిగింది, అది రానందున నగరంలోని కోశాగారాల నుంచి తానే తీసుకుంది, సెయింట్ పాల్ చర్చిలో కూడా సైనికులు దిగారు. రాజు శిరచ్ఛేదానికి గురైన 1649 జనవరి తరువాత, కొత్త రిపబ్లిక్ ముందున్న మొదటి ఆర్థిక ప్రశ్న ఇదే. ఏప్రిల్‌లో నెలవారీ పన్నును 90,000 పౌండ్లకు పెంచారు. మే 12న ఒక చట్టం వచ్చింది. సైనికులకు మరింత నిశ్చితంగా, నిరంతరంగా జీతం అందించడం, ఉచిత బస వల్ల ప్రజలకు ఇకమీద పీడన కలగకుండా నివారించడం అనే రెండు ఉద్దేశాలనూ దాని శీర్షికలోనే పక్కపక్కన పెట్టారు. 1628 పత్రంతో దీన్ని పోల్చండి. అక్కడ నిషేధం మాత్రమే ఉంది. ఇక్కడ ముందు జీతం, ఆ తరువాత నిషేధం. ఆ క్రమమే సరైనది.

చట్టం వచ్చిన అదే వారంలో, పాత బాకీలు తీరనిదే ఐర్లండుకు వెళ్లమన్న దళాలు తిరగబడ్డాయి. క్రామ్‌వెల్, ఫెయిర్‌ఫాక్స్ వారిని బర్ఫర్డ్‌లో రాత్రివేళ చుట్టుముట్టారు. మే 17న ఆ ఊరి చర్చి ఆవరణలో ముగ్గురిని కాల్చారు. రేపటి జీతానికి చట్టం చేసి నిన్నటి బాకీని వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ రెండు తేదీలు చాలు. వారి రాజకీయ డిమాండ్లను తక్కువ చేయడం లేదు. కాని తీరని బాకీ ఏ డిమాండుకైనా బలం చేకూరుస్తుంది.

బాకీని భూమిగా మార్చడం

పాత బాకీకి నగదు లేదు కనుక, 1649 జులై 16న రాజు భూములను అమ్మే చట్టం చేసి, ఆ కొనుగోళ్లలో సైనికుల డిబెంచర్లను సొమ్ముగా స్వీకరిస్తామన్నారు. ఐర్లండులో పోరాడినవారికి 1652, 1653 చట్టాల కింద అక్కడ జప్తు చేసిన భూముల్లో లాటరీ మీద వాటాలు ఇచ్చారు. ఖజానా పుస్తకంలో బాకీ తీరింది. సైనికుడి చేతికి ఏం వచ్చింది? నాలుగు పౌండ్ల కాగితంతో మామూలు కాల్బలం మనిషి భూమి కొనలేడు, లండన్ వెళ్లి వేలంలో కూర్చోలేడు, తిరిగి ఇంటికి వెళ్లడానికే అతనికి దారి ఖర్చులు కావాలి. అందుకని డిబెంచరును పౌండుకు కొన్ని షిల్లింగుల చొప్పున తన అధికారికో, దళారికో అమ్ముకున్నాడు. గుత్తగా కొన్న అధికారులు జమీందార్లయ్యారు. ఐర్లండులో ఆ భూములు ఎవరివో, వారి పిల్లలు ఎక్కడికి పోయారో ఈ ఖాతాలో ఎక్కడా ఉండదు. ఒక దేశంలో సైన్యానికి పడిన బాకీని ఇంకో దేశపు ప్రజల పొలాలతో తీర్చారు, ఈ కేసులో నేను ఎంతమాత్రం సమర్థించలేని భాగం ఇది.

జీతానికి బదులు బదిలీ చేయదగిన కాగితం ఇవ్వవలసి వస్తే, దాని కనీస విలువను ప్రభుత్వమే నిలబెట్టాలని, పై అధికారి తన కింది సైనికుడి కాగితాన్ని కొనకుండా నిషేధించాలని, చిన్న మొత్తాలను ముందుగా నగదుగా తీర్చాలని నా వృత్తి అనుభవం చెబుతుంది. అప్పట్లో ఈ మూడింటిలో ఏదీ సరిగా జరగలేదు. 18 వారాల బాకీ ఉన్న కాల్బలం సైనికుడు 4 పౌండ్ల మనిషి, 14,400 మందికీ పూర్తిగా ఇచ్చినా 60,480 పౌండ్లు. నెల పన్ను కంటే కొంచెం ఎక్కువ. లండన్ అప్పు 2 లక్షల నుంచి ఆ మొత్తాన్ని పక్కన పెట్టి 1647 ఏప్రిల్‌లోనే బట్వాడా చేసి ఉంటే, గుర్రపు దళం లెక్క తేలేదాకా సగం పైగా సైన్యమైనా శాంతించేదని నేను భావిస్తున్నాను.

1660

రాజరికం తిరిగి వచ్చిన 1660లో పార్లమెంటు ముందు అదే సమస్య అంతకంటే పెద్దదిగా నిలిచింది: బాకీలతో, ఆయుధాలతో, ఓడిన ఆశయంతో ఉన్న సైన్యం. ఈసారి పని క్రమం మారింది. తలపన్ను వేసి నగదు సమకూర్చారు. ఏ దళం ముందు విడిపోవాలో చీట్లు వేసి తేల్చారు, కాబట్టి ఎవరినో ఏరి తొలగించారన్న అనుమానానికి చోటు లేకుండా పోయింది. కమిషనర్లు డబ్బు వెంట తీసుకుని దళాల దగ్గరకు స్వయంగా వెళ్లి, హాజరు పట్టీ చూసి, బాకీ పూర్తిగా చెల్లించి, ఆయుధాలు అప్పగించుకున్నారు. ఆ కమిషనర్లలో విలియం ప్రిన్ ఒకడు. రాజు తన తరఫున ఒక వారం జీతం అదనంగా ఇచ్చాడు. విడుదలైన సైనికుడు ఏడేళ్ల శిష్యరికం పూర్తిచేయకపోయినా ఏ పట్టణంలోనైనా తన చేతిపని చేసుకోవచ్చని ప్రత్యేకంగా చట్టం చేశారు. 1647లో ఆరు వారాల జీతానికి ఒప్పుకోక లండన్ మీదికి నడిచిన సైన్యం వారసులు, పదమూడు సంవత్సరాల తరువాత, దళం వెంట దళంగా సొమ్ము లెక్కపెట్టుకుని ఇళ్లకు వెళ్లారు. 1661 ఫిబ్రవరి 14న లండన్ టవర్ కొండ మీద చివరి దళమైన, రాజును తిరిగి రప్పించిన సేనాని మంక్ రెజిమెంట్ ఆయుధాలు కింద పెట్టి, రాజు కొలువులో మళ్లీ అందుకుంది.